కత్తి పట్టిన నాయికకు జతగాడెవరు?

1955లో వచ్చిన టోల్కీన్ నవల ‘ద రిటర్న్ ఆఫ్ ద కింగ్’లోని ఒక మలుపు గురించి ఫాంటసీ పాఠకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రోహన్ రాజు మేనకోడలు ఎయోవిన్ మగవేషంలో యుద్ధానికి వెళ్లింది. ఏ మగవాడి చేతిలోనూ చావడని జోస్యం ఉన్న నాజ్‌గుల్ నాయకుణ్ణి పెలెనోర్ మైదానంలో నేలకూల్చింది. ఆ పోరులో తానూ చావుబతుకుల్లో పడి మినాస్ తిరిథ్ వైద్యశాలకు చేరింది. అక్కడ తనలాగే చికిత్సలో ఉన్న ఫారమిర్‌ను కలిసింది, ప్రేమించింది. ఇక కత్తి పట్టనని, వైద్యం నేర్చుకుంటానని చెప్పింది. టోల్కీన్ ఆమెకు బతుకునిచ్చాడని కొందరంటారు. ఆమె చేతిలో కత్తి లాగేసుకున్నాడని మరికొందరంటారు.

ఆ రెండు పక్షాలూ ఒకే ఇంట్లో తలపడితే ఎలా ఉంటుంది? ఒకవైపు మేనత్త: హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు సాహిత్యం చెప్పి రిటైరైన మనిషి. ఇంకోవైపు మేనకోడలు: హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు తన తొలి ఫాంటసీ నవల రాసుకుంటున్న అమ్మాయి. ఆ నవలలో గోదావరిని పోలిన ఒక నది ఉంది. దాని వరదను మంత్రశక్తితో అదుపు చేసే కరకట్ట కావలి మనిషి నాయిక. మొదటి ప్రతిలో ఆమెకు ప్రియుడిగా ఒక పడవ సరంగు ఉన్నాడు. రెండో ప్రతిలో అతను మాయమయ్యాడు. రెండూ చదివిన మేనత్తకు మొదటిదే నచ్చింది. వాదన అక్కడ మొదలై ఎయోవిన్ దగ్గరికి వచ్చింది.

“నువ్వే చెప్పత్తా. ఆ పుస్తకం మొత్తంలో యుద్ధరంగంలో నిలబడి కత్తి దూసిన ఆడది ఆమె ఒక్కతే. ఆమెకు ప్రేమ దొరకగానే కత్తి దించేసింది. ఫారమిర్ మాత్రం ఏం వదులుకున్నాడు? అతని పదవి అతనికి ఉంది, పైగా ఇథిలియన్‌కు ప్రభువయ్యాడు. ప్రేమ వస్తే బతుకు మార్చుకోవాల్సింది ఆడదేనా?”

“కత్తి దించమని అడిగిందెవరో చూడు బిడ్డా,” అంది మేనత్త. “ఇంటిపట్టున ఉండమన్నది ఆమె మేనమామ. వెంట రావద్దన్నది ఆమె మొదట మనసుపడ్డ ఆరగోర్న్. ఫారమిర్ ఆ మాట అననే లేదు. వైద్యశాలలో ఆమె పోట్లాటకు దిగింది, నన్ను యుద్ధానికి పంపించండని. వైద్యశాల పెద్ద ఎటూ చెప్పలేక ఫారమిర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఫారమిర్ నగరానికే అధికారి. అయినా, నేనూ ఇక్కడ వైద్యుల మాటకు కట్టుబడ్డవాణ్నే అన్నాడు. ఆమె కోరింది చిన్న కోరిక, తన గది కిటికీ తూర్పుకు, యుద్ధం జరిగే దిక్కుకు ఉండాలని. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేదు. వీలు చేయిస్తానన్నాడు. ఆ తోటలో ఇద్దరూ నడిచారు. చలికి వణుకుతుంటే తన తల్లిది, చుక్కలు కుట్టిన నీలం పైవస్త్రం తెప్పించి కప్పాడు. నీ మీద నాకున్నది జాలి కాదని ఆమె ముఖం మీదే చెప్పాడు. అంతకుముందు ఆమె చుట్టూ ఉన్న మగవాళ్లలో ఒక్కడైనా ఆమెతో అట్లా మాట్లాడాడా?”

“మాటలు బాగున్నాయి. కానీ అంతా ఒక్క అధ్యాయంలోనే! చావాలని యుద్ధానికి వెళ్లిన మనిషికి కొద్ది రోజుల్లో నిరాశ పోయింది, ప్రేమ పుట్టింది, వృత్తి కూడా మారింది.”

ఈ అభ్యంతరం టోల్కీన్ బతికుండగానే వచ్చింది. ఆయన ఒక ఉత్తరంలో దీనికి జవాబు రాశాడు: చావు ఎదురుగా నిలబడ్డ రోజుల్లో మనసులూ నిర్ణయాలూ చాలా వేగంగా పండుతాయని, అది తన అనుభవమని. ఆయన 1916 మార్చిలో ఈడిత్‌ను పెళ్లాడి జూన్‌లో ఫ్రాన్స్ యుద్ధరంగానికి వెళ్లినవాడు. మేనత్త ఈ సంగతి గుర్తుచేసింది. మేనకోడలు మెత్తబడలేదు. “రచయిత జీవితంలో జరిగితే సరిపోదత్తా, పేజీ మీద జరగాలి. ఆ ఉత్తరం చదవని పాఠకురాలికి పుస్తకమే చెప్పాలి.”

“సరే, పేజీ మీదిదే చెప్తా. ఫారమిర్ కథలోకి ఆమె కోసం వచ్చినవాడు కాదు. అంతకుముందే ఇథిలియన్ అడవిలో గస్తీ కాశాడు, మహాశక్తి ఉన్న ఉంగరాన్ని మోసుకెళ్తున్న ఫ్రోడోను పట్టుకున్నాడు, ఆ ఉంగరం చేతికందినా వద్దనుకున్నాడు. యుద్ధం చేస్తాడు గానీ యుద్ధాన్ని ప్రేమించడు. అట్లాంటివాడి పక్కన నిలబడితేనే, కత్తి కాక ఇంకేదైనా ఉందేమోనని ఎయోవిన్‌కు తోచింది. ఆమెను కలవకముందే అతనికొక కథ ఉంది. నీ సరంగుకు అది లేదు. నువ్వతన్ని తీసేసి మంచిపని చేశావు. కానీ తీసేయాల్సింది ప్రేమను కాదు, ఆ ఖాళీ మనిషిని.”

ఈ మాట గుచ్చుకుంది. ఫాంటసీలో ధీరోదాత్త నాయికలకు ప్రియుళ్లను రాసేటప్పుడు అందరూ తడబడేది ఇక్కడే. నాయికకు శక్తులు, శత్రువులు, లక్ష్యం, గతం అన్నీ శ్రద్ధగా కూర్చుతారు. అతనికి మాత్రం అందమైన దవడ, నిగూఢమైన చూపు ఇచ్చి వదిలేస్తారు. లేదా ఆమెకంటే ఒక పిసరు ఎక్కువ బలం ఇచ్చి, ఆపద సమయంలో తలుపు బద్దలు కొట్టుకొని వచ్చేలా రాస్తారు. మొదటివాడు అలంకారం. రెండోవాడు ఆమె కథను దొంగిలిస్తాడు.

మేనకోడలి అసలు కోపం ఆ రెండోవాడి మీదే. ఆమె ఉదాహరణ మన దగ్గరిదే: 2015లో వచ్చిన ‘బాహుబలి: ద బిగినింగ్’. “అవంతిక దళంలో యోధురాలు. దేవసేనను చెర విడిపించే పని ఆమెకు అప్పగించారు. దానికోసమే బతికింది. కథానాయకుడు శివుడు వచ్చాడు. ఆమె ఏమరుపాటున ఉన్నప్పుడు చేతి మీద బొమ్మ గీశాడు. తర్వాత భుజం మీద మరో బొమ్మ. అడవిలో ఆమె కత్తి దూసి మీదపడితే ఒక్కో దెబ్బా తప్పించుకుంటూ జుట్టు విప్పాడు, బట్టల తీరు మార్చాడు, కాటుక, రంగు పూసి నీళ్లలో ఆమె ప్రతిబింబం ఆమెకే చూపించాడు. దాన్ని ప్రేమ అనుకోమన్నారు! అది కూడా సరే, ఆ తర్వాతది చూడు. ఆమె లక్ష్యం కూడా తనదేనని అతనే మాహిష్మతికి వెళ్లిపోయాడు. ఆమె ఏళ్ల తరబడి సాధన చేసిన పని ఒక పాట అయ్యేలోపు చెయ్యి మారింది. రెండో భాగంలో ఆమెకు చెప్పుకోదగ్గ పనే లేదు.”

ఆ దృశ్యంపై ఆ ఏడాదే పత్రికల్లో తీవ్ర విమర్శలు వచ్చాయి. మేనత్త కూడా దాన్ని సమర్థించలేదు. “అది తప్పే. అడగకుండా తాకడం ఒక తప్పు. నువ్వు అట్లుంటే ఆడదానివి కాదు, ఇట్లుంటేనే ఆడదానివని చెప్పడం రెండో తప్పు. పని లాక్కోవడం మూడోది. కథ చెప్పేవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మూడోదే పెద్దది. కానీ అదే రచయిత, అదే దర్శకుడు 2017లో దేవసేనను రాశారు కదా? ఆడవాళ్ల మీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లు ఆమే నరికింది. సభలో నిలబడి జవాబిచ్చింది. బాహుబలి ఆమె పక్షాన నిలబడ్డాడు, దానికి సింహాసనమే వదులుకున్నాడు. కుంతల కోట మీద దాడి జరిగినప్పుడు ఒకేసారి మూడు బాణాలు వేసే ఒడుపు ఆమెకు చూపించాడు. విల్లు లాక్కోలేదు.”

“ఆ తర్వాత ఏమైందత్తా? పాతికేళ్లు సంకెళ్లలో కూర్చుని పుల్లలు ఏరింది, కొడుకు వచ్చి విడిపించేదాకా! ప్రియుడు మంచివాడైనా కథ ఆమెను వదల్లేదు.”

“అది నిజం,” అని ఒప్పుకుంది మేనత్త. కాసేపు ఆగి, తాను ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన చోటికి వచ్చింది. “మన పోతన సత్యభామ ఉంది. సంస్కృత భాగవతంలో ఆమె కృష్ణుడి వెంట గరుడుడి మీద వెళ్తుంది, అంతే. పోతన దశమస్కంధంలో ఆమె చేత నరకాసురుడితో యుద్ధం చేయించాడు. కృష్ణుడు తన శార్‌ఙ్గం ఆమె చేతికిచ్చాడు. అప్పుడు చూడాలి! ఒకే మనిషి, ఒకే క్షణంలో శత్రువు వైపు చూస్తే వీరం, మగడి వైపు చూస్తే శృంగారం. ఒక రసం ఇంకో రసాన్ని మింగెయ్యలేదు. ప్రేమ ఉంటే పౌరుషం తగ్గుతుందంటావు నువ్వు. ఐదొందల ఏళ్ల కింద బమ్మెర పోతన ఆ రెంటినీ ఒక్క ముఖంలో నిలబెట్టి చూపించాడు. పక్కనున్నవాడు జగన్నాథుడు. ఆయన చేసిన పనేంది? విల్లు ఇచ్చి, చూస్తూ మెచ్చుకున్నాడు.”

మేనకోడలు వెంటనే అందుకుంది. “చివర్లో ఆ విల్లు తిరిగి తీసుకున్నాడు కదా. నరకుణ్ణి చంపింది చక్రమే.”

“అవును. అందుకే జనం ఆ కథను మార్చి చెప్పుకున్నారు. దీపావళి నాడు ఏ ఇంట్లో అడిగినా నరకుణ్ణి చంపింది సత్యభామే అంటారు. ఆ చివరి దెబ్బ కూడా ఆమెదే కావాలని మన అమ్మమ్మలకే అనిపించింది బిడ్డా. ఈ కొట్లాట నీతో మొదలుకాలేదు.”

ఇద్దరూ మొదటిసారి ఏకమైంది టమోరా పియర్స్ దగ్గర. ఆమె ‘సాంగ్ ఆఫ్ ద లయనెస్’ నాలుగు పుస్తకాలు 1983, 1988 మధ్య వచ్చాయి. అలానా అనే పిల్ల, నైట్ కావడానికి మగపిల్లాడిలా వేషం కట్టి రాజప్రాసాదంలో శిక్షణకు చేరుతుంది. ఆమె జీవితంలోకి ముగ్గురు మగవాళ్లు వస్తారు. ఆ ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రియుణ్ణి ఎలా రాయాలో చెప్పే పాఠం తయారుగా ఉంది.

మొదటివాడు యువరాజు జోనథన్. అందగాడు, మంచివాడు, ఆమెను నిజంగానే ప్రేమించాడు. పెళ్లి మాట ఎత్తాడు. ఆమె ఆలోచించుకోవాలంది. ఆమె జవాబు చెప్పకముందే ఆమె ఒప్పుకున్నట్టే నడుచుకున్నాడు. ఆ సంబంధం అక్కడ తెగింది. రెండోవాడు లియామ్, పేరుమోసిన యోధుడు. బలంలో ఆమెకు సాటి. కానీ అతనికి మంత్రమంటే భయం, ఆమెకు మంత్రం ఒంట్లో భాగం. తనలో సగాన్ని చూసి జంకేవాడితో ఎంతకాలం? మూడోవాడు జార్జ్ కూపర్, రాజధానిలో దొంగల నాయకుడు. అలానాకు తొలిసారి నెలసరి వచ్చి, ఏమైందో తెలియక బెంబేలెత్తి, ఎవరికీ చెప్పుకోలేక పరుగెత్తింది అతని దగ్గరికే. అతను నవ్వలేదు, పోయి ఎవరికీ చెప్పలేదు. మంత్రసానిగా, వైద్యురాలిగా పేరున్న తన తల్లి దగ్గరికి తీసుకువెళ్లాడు. అలానా చివరికి పెళ్లాడింది ఇతన్నే.

“చూశావా, రాజ్యాన్ని కాదని రహస్యం దాచగలిగినవాణ్ణి ఎంచుకుంది,” అంది మేనత్త. “జార్జ్‌కు తన ముఠా ఉంది, తన శత్రువులున్నారు, తన తల్లి ఉంది. అలానా నెలల తరబడి కనిపించకపోయినా అతని బతుకు సాగుతూనే ఉంటుంది. అతను ఆమె కోసం ఆగుతాడు గానీ ఆమె చుట్టూ తిరగడు.”

“పియర్స్‌లో నాకు నచ్చింది ఇంకోటి ఉంది,” అంది మేనకోడలు. “తర్వాత 1999 నుంచి 2002 దాకా వచ్చిన ‘ప్రొటెక్టర్ ఆఫ్ ద స్మాల్’లో కెలాడ్రీ. వేషం కట్టకుండా, ఆడపిల్లగానే నైట్ అయింది. మధ్యలో ఒకతన్ని ఇష్టపడింది. అతనికి ఎస్టేటు నిలబెట్టుకోవడానికి డబ్బున్న సంబంధం చేసుకోక తప్పలేదు. ఆ ముచ్చట అక్కడే ముగిసింది. చివరి పుస్తకంలో ఆమె పక్కన ప్రియుడు లేడు. శరణార్థులున్నారు, వాళ్లను కాపాడే పనుంది. ఆ లోటు గురించి రచయిత్రి ఎక్కడా సంజాయిషీ ఇవ్వలేదు. పుస్తకం మూసినప్పుడు నాకు ఏదీ తక్కువైనట్టు అనిపించలేదు. నా నాయిక ఆ దారిలో పోకూడదా?”

“పోవచ్చు. కెలాడ్రీ కథ అట్లా నడిచింది గనుక అట్లా ముగిసింది. నీ నాయికను నువ్వు ఒంటరిగా ఉంచింది ఆమె కథ అడిగి కాదు, ప్రేమ రాస్తే ఆమె చులకనైపోతుందన్న భయంతో.”

ఇక్కడ మేనకోడలు తన బలమైన ఆయుధం తీసింది: ఉర్సులా లె గ్విన్. 1971 నాటి ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో టెనార్ చీకటి సమాధుల పూజారిణి. మాంత్రికుడు గెడ్‌ను బందీగా పట్టుకుని, చివరికి అతనితో కలిసి ఆ చెర నుంచి బయటపడింది. అక్కడ ప్రేమకథ లేదు. వాళ్లిద్దరూ జంట కావడానికి 1990లో ‘టెహాను’ రావాల్సి వచ్చింది. అప్పటికి టెనార్ ఒక రైతును పెళ్లాడి, ఇద్దరు పిల్లల్ని పెంచి, భర్తను పోగొట్టుకున్న నడివయసు స్త్రీ. గెడ్ తన మంత్రశక్తి మొత్తం ధారపోసి వట్టి మనిషిగా తిరిగొచ్చాడు. సిగ్గుతో కొండెక్కి మేకలు కాశాడు.

“దీని అర్థమేంటత్తా? మగవాడు మహామాంత్రికుడిగా ఉన్నంతకాలం ఆమెకు దక్కలేదు. అన్నీ పోగొట్టుకున్నాకే దక్కాడు. ఎయోవిన్ కథలో ఆమె కత్తి దించాలి, టెనార్ కథలో అతను శక్తి పోగొట్టుకోవాలి. ఇద్దరూ నిండుగా ఉన్నప్పుడు ప్రేమ ఎందుకు కుదరదు? ఎవరో ఒకరు తగ్గితేనే కుదురుతుందని గొప్ప రచయితలే ఒప్పుకున్నట్టు కాదా?”

మేనత్త వెంటనే జవాబివ్వలేదు. ఆ ప్రశ్న న్యాయమైనది. లె గ్విన్ సృష్టించిన ప్రపంచంలో మాంత్రికులు బ్రహ్మచారులు. అందుకే ఆ శక్తి ఉండగా గెడ్ ఎవరికీ జత కాలేడు. కానీ రచయిత్రి అక్కడితో ఆగలేదు. మేనత్త టెనార్ ఇంటి వంటగదిని గుర్తుచేసింది. టెనార్ కొడుకు సముద్రం మీది నుంచి ఇంటికొస్తాడు. తిన్న కంచం తియ్యడానికి కూడా అతనికి చిన్నతనం, అది ఆడవాళ్ల పని. ఒకప్పుడు డ్రాగన్లతో మాట్లాడిన గెడ్ మాత్రం ఆ ఇంట్లో గిన్నెలు కడుగుతాడు.

“గెడ్ తగ్గాడని నువ్వంటున్నావు. అతనికి శక్తి పోయింది గానీ గౌరవం పోలేదు. గిన్నెలు కడిగితే మగతనం పోతుందనుకునేవాడు ఆమె కన్న కొడుకే. టెనార్ ఆ ఇద్దరినీ ఒకే వంటగదిలో చూసింది. గెడ్‌ను ఎంచుకోవడం ఆమెకు జాలి పని కాదు. నడివయసు ఆడమనిషికి కావలసినదేదో లె గ్విన్‌కు తెలుసు. బుజోల్డ్ ‘పాలడిన్ ఆఫ్ సోల్స్’ కూడా చూడు, 2004లో హ్యూగో అవార్డు వచ్చింది. నలభై ఏళ్ల వితంతు రాణి ఇస్టా అందులో నాయిక. కూతురు రాజ్యమేలుతుంటే తను కోట దాటి బయటపడింది. దేవుడి పనీ చేసింది, కొత్తగా ప్రేమించింది కూడా. ఆ వయసు నాయికకు జతను రాసే ధైర్యం మన దగ్గర ఎంతమందికుంది?”

మేనకోడలు ఆ వయసు సంగతి ఒప్పుకుంది. కానీ ఇప్పుడు విపరీతంగా అమ్ముడుపోతున్న ఫాంటసీ ప్రేమకథల మీద ఆమె ఫిర్యాదు వేరే. సారా జె. మాస్ ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ వరుసను ఆమె ఇష్టంగానే చదివింది. 2016లో వచ్చిన రెండో పుస్తకంలో, నాయిక ఫేరాను కాపాడతానంటూ టామ్లిన్ ఆమెను ఇంట్లోనే మంత్రంతో బంధిస్తాడు. ఆమె ఆ ఇల్లు వదిలేస్తుంది. తొలిప్రేమే పంజరమవుతుందని అంత విడమరిచి రాయడం గొప్పేనని మేనకోడలి అభిప్రాయం. “కానీ తర్వాత వచ్చిన రైసాండ్‌కు ఆమెతో పుట్టుకతోనే ముడిపడిన బంధం ఉందట. అది అతనికి ముందే తెలుసు, ఆమెకు చెప్పలేదు. చదువు నేర్పాడు, సమానంగా పక్కన కూర్చోబెట్టాడు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ విధి రాసిపెట్టిన జోడీ అన్నాక ఆమె ఎంచుకున్నదేముంది? ఇలాంటి ముడి ఇప్పుడు పుస్తకం తర్వాత పుస్తకంలో కనిపిస్తోంది. రాజ్యాలు కూల్చే అమ్మాయికి మొగుణ్ణి మాత్రం విధే తెచ్చిస్తుంది.”

ఈ చోట మేనత్త పూర్తిగా మేనకోడలి వైపు వచ్చింది. పెద్దలు కుదిర్చినా, గ్రహాలు కుదిర్చినా, ఆమెను అడగలేదంటే ఆ రెంటికీ తేడా లేదని ఆమె ఉద్దేశం. “విధి ఉండనీ, తప్పులేదు. కానీ ఆమె దాన్ని కాదనగలగాలి. కాదన్నప్పుడు అతను ఏం చేస్తాడో ఒక పేజీ రాయాలి. అతనెలాంటివాడో ఆ పేజీలోనే తెలుస్తుంది.”

ఇద్దరికీ నచ్చిన జంట ఒకటి తేలింది. లీ బార్డుగో ‘సిక్స్ ఆఫ్ క్రోస్’ 2015లో, ‘క్రూకెడ్ కింగ్‌డమ్’ 2016లో వచ్చాయి. ఇనెజ్ తాడు మీద నడిచే కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే ఎత్తుకుపోయి వేశ్యాగృహానికి అమ్మేశారు. దొంగల ముఠా పెద్ద కాజ్ బ్రెక్కర్ ఆమెను అక్కడినుంచి తప్పించి, గూఢచారిగా తన ముఠాలో పెట్టుకున్నాడు. అతను ఎప్పుడూ చేతులకు తొడుగులు తీయడు. చిన్నతనంలో చనిపోయిన అన్న శవాన్ని పట్టుకుని ఈదుతూ ఒడ్డుకు చేరినవాడు. అప్పటినుంచి మనిషి చర్మం తగిలితే అతని ఒళ్లు జలదరిస్తుంది. ఆమెకూ పరాయి స్పర్శ అంటే పీడకలే. మొదటి పుస్తకం చివర ఆమె తేల్చి చెబుతుంది: నీ కవచాలు తీసి వస్తే రా, లేకపోతే వద్దు.

రెండో పుస్తకంలో ఒక చిన్న గదిలో ఆమె గాయాలకు కట్లు మార్చాల్సి వస్తుంది. వట్టి చేతులతో భుజం మీది గుడ్డ విప్పడం, అక్కడ తడి అద్దడం, కొత్త కట్టు వేయడం. మామూలు మనిషికి నిమిషాల పని. కాజ్‌కు ఒక్కో కదలికా గండమే. కళ్ల ముందు చల్లబడ్డ శవం మెదులుతుంది, నీళ్లు ముంచుకొస్తున్నట్టు ఉంటుంది. ఆగుతాడు, ఊపిరి కూడదీసుకుంటాడు, మళ్లీ మొదలుపెడతాడు. ఆమె తొందరపెట్టదు, అతణ్ణి బాగుచేయడం తన బాధ్యతని కూడా అనుకోదు. పుస్తకం చివర్లో అతను ఆమె ఒప్పందపు బాకీ తీర్చేసి, ఒక ఓడ ఇస్తాడు, ఆమె తల్లిదండ్రులను వెతికి రప్పిస్తాడు. బానిసల వ్యాపారులను వేటాడటానికి ఆమె ఆ ఓడలో సముద్రం మీదికి వెళ్తుంది. తనను వదిలి వెళ్లే పనికే అతను ఓడ కొనిచ్చాడు.

“ఇదే నేను రాయలేకపోయింది,” అంది మేనకోడలు. “నా సరంగు వరద రాత్రి వచ్చి కరకట్టను కాపాడాడు. అందుకే పీకేశాను.”

“అతను కాపాడటమే తప్పు. నువ్వు తుంచేసింది తప్పుడు కొమ్మను. మరి కొన్ని కథల్లో ఇద్దరూ కలిసి చేసే పని ఎట్లుంటుందో చూడు. టోల్కీన్ ‘సిల్మరిలియన్’లో లూథియన్‌ను భద్రంగా ఒకచోట వదిలి తానొక్కడే పోవాలని బెరెన్ చూశాడు. ఆమె ఒప్పుకోలేదు, వెంట వచ్చింది. అంతకుముందు అతన్ని సౌరాన్ చెరలోంచి తెచ్చింది కూడా ఆమే. మోర్గోత్ సభలో పాట పాడి ఆ దుష్టుణ్ణి నిద్రపుచ్చింది ఆమె. నిద్రపోయిన వాడి కిరీటంలోంచి మణిని కోసింది బెరెన్. ఒకరు లేకుండా ఇంకొకరి పని సాగదు. ఎవరూ తగ్గలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్ దంపతుల సమాధి రాయి మీద భార్య పేరు కింద లూథియన్ అని, ఆయన పేరు కింద బెరెన్ అని చెక్కి ఉంటుంది. ఇద్దరూ నిండుగా ఉండగా ప్రేమ ఎందుకు కుదరదని అడిగావు కదా. కుదురుతుంది, కుదిర్చి రాసినవాళ్లున్నారు.”

ఇక మేనత్త చివరి వాదన అన్నిటికంటే సూటిగా ఉంది. మగ వీరుడికి ఫాంటసీలో కత్తి, రాజ్యం, ప్రేయసి మూడూ దొరుకుతాయి. ప్రేమించినందుకు అతని పౌరుషం తగ్గిందని ఎవరూ అనరు. ఆరగోర్న్ చివర్లో ఆర్వెన్‌ను పెళ్లాడితే అతను బలహీనపడ్డాడని ఒక్క పాఠకుడూ గొణగలేదు. ఆడది బలంగా ఉండాలంటే ఒంటరిగానే ఉండాలంటే, అది బలానికి వేసిన జరిమానా. మేనకోడలు దీనికి ఎదురు చెప్పలేదు గానీ ఒక షరతు పెట్టింది. మగ వీరుడి ప్రేయసి గురించి ఎవరూ ఇంత చర్చించరు. ఆమె వచ్చి అతని లక్ష్యాన్ని లాక్కోదు గనుక. ప్రియుడు కూడా అంత మర్యాదగా ఉంటే తనకూ అభ్యంతరం లేదు.

ఆ రోజు తేలినవి ఇవి. సరంగు నవలలోకి తిరిగి వస్తాడు, కానీ పన్నెండో అధ్యాయంలో కాదు, మూడో అధ్యాయంలోనే. అతనికి తన పడవ, తన అప్పులు, నది మింగిన తండ్రి ఉంటారు. వరద ముంచెత్తే రాత్రి ఊళ్లు కాపాడాలంటే ఒకచోట కరకట్టకు గండి కొట్టాలి. ఆ చోటున సరంగు సొంత ఊరు ఉంది. నిర్ణయం నాయికదే. అతను ఆమెను తిడతాడా, కోపంతో వెళ్లిపోతాడా, తన ఊరివాళ్లను పడవల్లో ఎక్కించడానికి పరుగెత్తుతాడా అన్నది అతని కథ. కాపాడటం కోసం అతన్ని అక్కడ నిలబెట్టరు. తేలనిది ఒకటే: చివర్లో పెళ్లి ఉండాలా వద్దా? మేనత్త ఉండాలంటుంది. మేనకోడలు వద్దంటుంది. ఆ విషయంలో కెలాడ్రీ ఆమెకు అండగా ఉంది.

తెలుగులో ఇప్పుడు ఫాంటసీ రాయాలని కూర్చుంటున్న యువతీయువకులకు ఒక్క విన్నపం. మీ నాయికకు జతను తప్పకుండా రాయండి, లేదా రాయకండి, అది మీ కథను బట్టి. రాస్తే మాత్రం ప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు రెండు పనులు చేయండి. ఆమె కనిపించని రోజుల్లో అతను ఏం చేస్తుంటాడో ఒక పేజీ రాసి చూడండి. రాయలేకపోతే ఆ మనిషి ఇంకా తయారు కాలేదు. తర్వాత కథ తిరిగే ఆ చివరి ఘట్టం తీసి, నిర్ణయం ఎవరి నోట పలికించారో చూడండి. అది అతని నోట ఉంటే ఆ అధ్యాయం తిరగరాయండి.